సదరం క్యాంపుకు పోయేముందు పాత చీటీలు వెతకండి

వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చేది సదరం క్యాంపు. మా చిన్నాన్న కోసం ఆ వరసలో నిలబడిన రోజు నాకు బాగా గుర్తు. మా ముందు ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ, పక్కన ముప్పై ఏళ్ల కొడుకు. తెల్లవారకముందే బస్సెక్కారంట. కొడుక్కి తలంటి, గడ్డం గీయించి, ఇస్త్రీ చొక్కా తొడిగి తెచ్చింది. లోపలికి పోయిన పది నిమిషాలకే బయటికొచ్చారు. "కాగితాలేవని అడిగినారు నాయనా" అంది. ఆమె చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఓపీ చీటీ, అదీ మూడు నెలల కిందటిది. కొడుకు మానసిక జబ్బు మాత్రం పన్నెండేళ్లది. గేటు దగ్గర ఒకాయన అప్పటికే ఆమెను పట్టుకుని, ఎనిమిది వేలిస్తే శాతం వేయిస్తానంటున్నాడు.

ఆ రోజు ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

సదరం అంటే కాలో చెయ్యో కళ్లో లేనివాళ్లకే అనుకుంటారు చాలామంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం కూడా ఉంది. 40 శాతం, ఆపైన వస్తే ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయల పింఛనుకు అర్హత ఉంటుంది. ఇంటి స్థలం విషయంలోనూ ఈ కాగితమే అక్కరకొస్తుంది, దాని గురించి కింద చెప్తాను.

దరఖాస్తు పెద్ద పనేం కాదు. ఆధార్, పనిచేసే ఫోన్ నంబరు తీసుకుని మీ సచివాలయానికో మీసేవకో పోయి సదరం స్లాట్ అడగాలి. స్లాట్లు ప్రభుత్వం విడుదల చేసినప్పుడే దొరుకుతాయి కాబట్టి ఒక్కసారి పోయి లేవన్నారని ఊరుకోవద్దు. రసీదు చేతికి రాగానే మాత్రం అక్కడే నిలబడి వైకల్యం రకం చదివించుకోండి. మానసిక అనారోగ్యం వేరు, బుద్ధిమాంద్యం వేరు. రెండింటికీ "మానసిక" అనే మాట వాడేస్తారు కాబట్టి ఆపరేటర్ ఒకదాని బదులు ఇంకొకటి నొక్కేస్తాడు. క్యాంపు రోజున సైకియాట్రిస్టు ముందు కూర్చోవాల్సిన మనిషి ఇంకో వరసలో తేలతాడు.

ఇక అసలు చిక్కు. మానసిక అనారోగ్యానికి స్కానింగూ రక్తపరీక్షా చూసి శాతం వేయరు. ఐడియాస్ అనే కొలత ఉంది. అందులో నాలుగు సంగతులు చూస్తారు: స్నానం, బట్టలు, తిండి తనంతట తానే చూసుకుంటాడా, ఇంట్లోవాళ్లతో, ఇరుగుపొరుగుతో ఎలా మెలుగుతాడు, చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడగలడా, పని చేసుకోగలడా. ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు. ఎంత ఎక్కువ కష్టముంటే అన్ని ఎక్కువ మార్కులు. ఐదోది జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నది. రెండేళ్లలోపైతే 1, పదేళ్లు దాటితే 4. మొత్తం 20కి 7 వస్తే 40 శాతం.

ఆ పెద్దమ్మ కొడుకునే తీసుకోండి. నాలుగు సంగతులకూ కలిపి 5 వచ్చాయనుకుందాం. చేతిలో మూడు నెలల చీటీ ఒక్కటే ఉంటే కాలానికి 1, మొత్తం 6. పింఛను రాదు. పన్నెండేళ్ల నాటి చీటీ చూపించగలిగితే కాలానికి 4, మొత్తం 9. మనిషి అదే, జబ్బు అదే. మనమేమో కొత్త చీటీ రాగానే పాతది పారేస్తాం, లేదా దాని మీద పాల లెక్క రాస్తాం.

కాబట్టి ముందు వెతకాల్సింది అన్నిటికన్నా పాత కాగితం. ట్రంకు పెట్టె అడుగున, బీరువాలో చీరల కింద, రేషన్ కార్డు కవరులో చూడండి. డాక్టరు పేరు, తేదీ కనబడే మందుల చీటీ, డిశ్చార్జి కాగితం, ఏదైనా సరే. పాతది పైన, కొత్తది కింద వరసగా పెట్టి జిరాక్సు తీయించండి. చీటీలు పోయుంటే చూపించుకున్న ఆసుపత్రికే పోయి, పేరు, వయసు, సుమారు ఏ సంవత్సరమో రాసి అర్జీ ఇవ్వండి. తన వైద్యం వివరాలు తీసుకునే హక్కు రోగికి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. దర్గాకో గుడికో తిప్పిన కాలం ఉంటే దాచొద్దు, అదీ డాక్టరుకు చెప్పండి. ఇంతవరకు ఏ డాక్టరుకూ చూపించకపోతే ముందు ఆ పని చేయండి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయొచ్చు. అది టెలీమానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రెండో పొరపాటు కాగితాలది కాదు. డాక్టరు "ఎలా ఉంటాడమ్మా?" అంటే, "బాగానే ఉంటాడు సార్" అనేస్తాం. నలుగురి ముందు కన్నబిడ్డ గురించి ఎవరం మాత్రం ఇంకెలా చెప్తాం! మా చిన్నాన్న విషయంలో నేనూ అదే అన్నాను. అబద్ధం చెప్పమని కాదు, చెప్పనూ కూడదు. తలంటింది ఎవరు, పిలిచి పిలిచి అన్నం పెట్టింది ఎవరు, పనికి పోయి ఎన్నాళ్లైంది, ఇవి ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. ఇంటి దగ్గరే ఒక కాగితం మీద రాసుకుని పోతే టెన్షన్‌లో మర్చిపోరు.

ఇక గేటు దగ్గర ఎనిమిది వేలడిగిన ఆయన సంగతి. 2025లో ప్రభుత్వం దివ్యాంగ పింఛన్లు తీసుకునేవాళ్లను మళ్లీ పరీక్షలకు పిలిచింది. అప్పుడు డాక్టరు ముందు కూర్చోవాల్సింది మీరే, ఆయన కాదు.

సర్టిఫికెట్ వచ్చాక ఇంటి స్థలం. ప్రభుత్వ ఇళ్ల పథకాల్లో 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు 5 శాతం రిజర్వేషన్ ఉండాలని 2016 చట్టం 37వ సెక్షన్ చెప్తోంది. ఆడవాళ్లకు అందులో ప్రాధాన్యం. సొంత ఇల్లూ స్థలమూ లేకపోతే సచివాలయంలో ఇంటి స్థలం అర్జీ పెట్టేటప్పుడు సర్టిఫికెట్ జిరాక్సు జతచేసి, 37వ సెక్షన్ ప్రకారం పరిశీలించమని ఒక వాక్యం రాయండి. రసీదు లేకుండా వెనక్కి రావద్దు. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ రసీదు చూపించి అర్జీ ఇవ్వండి.

ఉన్న ఇంట్లోంచే అన్నదమ్ములు వెళ్లగొడితే? ఈ ఊర్లో వినని కథేం కాదు. 2017 చట్టం 19వ సెక్షన్ ప్రకారం, కుటుంబం వదిలేసిన మనిషికి కుటుంబం ఇంట్లో ఉండే హక్కు దక్కేలా న్యాయసహాయంతో పాటు తగిన ఆసరా ఇవ్వాల్సింది ప్రభుత్వమే. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో వకీలు ఉచితం, ఆదాయంతో పనిలేదు. 15100కు ఫోన్ చేసినా చాలు. అద్దె ఇంటి సంగతి వేరు. జబ్బు తెలిసి ఇల్లివ్వనన్న ఓనరు మీద నేరుగా పనిచేసే దరఖాస్తు ఏదీ నాకు కనబడలేదు. ఉన్నపళంగా సామాను బయట పడేస్తే మాత్రం అదే నంబరుకు చెప్పండి.

ఆ పెద్దమ్మ మళ్లీ స్లాట్ దొరికినప్పుడు ప్లాస్టిక్ కవరు నిండా చీటీలతో వచ్చింది. అన్నిటికన్నా పాతది పసుపు మరకతో, మడతల దగ్గర చిరిగి ఉంది. తేదీ మాత్రం చక్కగా కనబడుతోంది.

సర్టిఫికెట్ చేతికొచ్చాక అది టెంపరరీనా పర్మనెంటా చూసుకోండి. టెంపరరీ అయితే దాని మీద గడువు తేదీ ఉంటుంది. గడువుకు ముందే మళ్లీ స్లాట్ అడగాలి, మళ్లీ అవే చీటీలు కావాలి. జిరాక్సులే ఇవ్వండి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి.