కొత్త బయోమెడికల్ ఆంటాలజీ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఆంటాలజీ అంటే ఒక రంగంలోని పదాలను, వాటి నిర్వచనాలను, వాటి మధ్య సంబంధాలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసిన జాబితా. అందులో ప్రతి పదానికీ ఒక ఐడీ ఉంటుంది.

• ముందు వెతకండి. మీకు కావలసిన పదాలు ఇప్పటికే ఉన్నాయేమో ఆంటాలజీలను వెతికే వెబ్‌సైట్లయిన బయోపోర్టల్‌లో, ఆంటాలజీ లుకప్ సర్వీస్‌లో చూడండి. ఉదాహరణకు, జన్యువుల పనులను వర్ణించే జీన్ ఆంటాలజీ 1998 నుంచీ నడుస్తోంది. అందులో ఉన్న పదాన్నే మీరు మళ్లీ తయారుచేస్తే ఒకే విషయానికి రెండు ఐడీలు వస్తాయి, రెండు ల్యాబ్‌ల డేటా కలవదు. తక్కువైంది ఒకటి రెండు పదాలే అయితే, వాటిని చేర్చమని ఆ బృందాన్నే అడగడం మేలు.

• మీ ఆంటాలజీలో ఏ విషయాలు ఉంటాయో, ఏవి ఉండవో ఆ పరిధి రాసిపెట్టుకోండి. బయోమెడికల్ ఆంటాలజీలకు ఉమ్మడి నియమాలు పెట్టే ఓబీఓ ఫౌండ్రీ కోరేది కూడా ఇదే: ఒకరి రంగంలోకి మరొకరు చొరబడకూడదు.

• పదాల మధ్య సంబంధాల దగ్గర తొందరపడకండి. ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. గుండె కవాటం గుండెలో భాగం, అంతేగానీ గుండెలో ఒక రకం కాదు. ఈ రెండూ కలిపేస్తే రీజనర్ (సంబంధాలను బట్టి తర్కించి తప్పులు పట్టే ప్రోగ్రామ్) కవాటాన్ని కూడా ఒక గుండెగానే లెక్కేస్తుంది. సొంత సంబంధాలు కల్పించకుండా, ఇలాంటి సంబంధాల ఉమ్మడి జాబితా అయిన రిలేషన్ ఆంటాలజీలో ఉన్నవి తీసుకోండి.

• విడుదలైన ఐడీని ఎప్పుడూ చెరిపేయకండి, ఇంకో అర్థానికి వాడకండి. పాత డేటాబేసులు దాని మీదే ఆధారపడి ఉంటాయి. వాడుకలో లేదని గుర్తుపెట్టి, బదులుగా ఏది వాడాలో చూపండి.

• నిర్వచనాలు ప్రోగ్రామర్లు మాత్రమే రాస్తే చాలదు. ఆ జబ్బును రోజూ చూసే డాక్టర్ చదివి సరేననాలి.

• లైసెన్స్ అందరూ వాడుకునేలా ఉండాలి. ఇది మొదటి రోజే తేల్చండి.

• ప్రతి విడుదలకు ముందు రీజనర్ నడపండి. తప్పులు వస్తే విడుదల ఆపండి.