పాత ఖాతాలు మూశాకే నెట్‌వర్క్ విభజన

2021 మే నెలలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ సంస్థ సైబర్ దాడి వల్ల కొన్ని రోజులపాటు ఇంధన సరఫరానే ఆపుకోవలసి వచ్చింది. దాడి చేసినవారు చొరబడింది వాడుకలో లేని ఒక పాత వీపీఎన్ (బయటి నుంచి సంస్థ నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) ఖాతా ద్వారా. దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో తనిఖీ లేదు. అందుకే ఆఫీసు నెట్‌వర్క్‌ను విడివిడి భాగాలుగా విభజించే ముందు పాత ఖాతాల సంగతి తేల్చమంటాను.

ప్రస్తుత ఉద్యోగుల జాబితాను హెచ్‌ఆర్ నుంచి తెప్పించి, యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు విండోస్ లాగిన్‌లన్నీ ఉండే పట్టిక), వీపీఎన్, ఈమెయిల్ ఖాతాలతో ఒక్కొక్క పేరూ సరిచూడండి. 90 రోజులుగా లాగిన్ లేని ఖాతాను ముందు నిలిపివేసి, నెల గడిచాక తొలగించండి. మానేసిన ఉద్యోగి ఖాతాలో నిన్న రాత్రి లాగిన్ కనిపిస్తే, అది ఏ యంత్రం నుంచి వచ్చిందో లాగ్‌లో తప్పక చూడాలి: ఆయన పేరు మీద పెట్టిన బ్యాకప్ పని ఇంకా నడుస్తూ ఉండవచ్చు, లేదా ఎవరో లోపలికి వచ్చి ఉండవచ్చు. బ్యాకప్ అయితే దానికి వేరే సర్వీస్ ఖాతా (మనిషికి కాక ప్రోగ్రామ్‌కు ఇచ్చేది) ఇచ్చి, ఆయన ఖాతాను మూసేయండి. బయటి కాంట్రాక్టర్ల ఖాతాలకు గడువు తేదీ పెట్టండి. 2013లో టార్గెట్ దుకాణాల నుంచి సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు పోవడానికి దారి దొరికింది శీతలీకరణ పనులు చేసే కాంట్రాక్టర్ లాగిన్‌తోనే.

ఇక విభజన. సిబ్బంది కంప్యూటర్లు, సర్వర్లు, సీసీ కెమెరాలు, అతిథుల వైఫై, నెట్‌వర్క్ స్విచ్‌లను నడిపే అడ్మిన్ పేజీలు, వీటిలో ప్రతిదానికీ ఒక వీలాన్ (అవే స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) కేటాయించండి. అయితే వీలాన్లు వేసినంత మాత్రాన పని అయిపోదు, ఎందుకంటే వాటి మధ్య స్విచ్ లేదా రౌటర్ అడ్డులేకుండా రాకపోకలు సాగిస్తుంటే గోడ కట్టి తలుపు తీసిపెట్టినట్లే. వాటి మధ్య రాకపోకలన్నీ ఫైర్‌వాల్ (నియమాల ప్రకారం రాకపోకలను అనుమతించే లేదా ఆపే కాపలాదారు) గుండా వెళ్లేలా చేసి, రెండు వారాల లాగ్‌లు చూసి, అవసరమైనవాటినే అనుమతించి, మిగిలినవన్నీ ఆపేయండి.

ఒకే వీలాన్‌లోని రెండు కంప్యూటర్ల సంభాషణ మాత్రం ఆ ఫైర్‌వాల్ కంట పడదు. 2017లో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ యంత్రం నుంచి యంత్రానికి పాకింది విండోస్ ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్ట్ ద్వారానే కనుక, సిబ్బంది కంప్యూటర్లలోని విండోస్ ఫైర్‌వాల్‌లో ఇతర యంత్రాల నుంచి ఆ పోర్ట్‌కు వచ్చే కనెక్షన్లను ఆపండి.

మార్పులకు ముందు స్విచ్ కాన్ఫిగరేషన్ కాపీ తీసుకోండి. అన్నీ అయ్యాక, ఒక కెమెరా కేబుల్ ఊడదీసి లాప్‌టాప్‌కు పెట్టి, దానికి కెమెరా వీలాన్‌లోని ఐపీ ఇచ్చి, సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్ తెరవబోండి. పాస్‌వర్డ్ అడిగే పెట్టె కనిపించిందంటే, మీ నియమాల్లో ఎక్కడో సందు మిగిలే ఉంది.