గుజరీలో కొన్న పాత సర్ఫేస్ ప్లానర్‌ను చదవడం ఎలా?

కర్నూలు, అనంతపురం, కడప వైపు సామిల్లు గానీ వడ్రంగి కార్ఖానా గానీ మూతపడినప్పుడు, చెక్కను చిత్రిక పట్టే పోత ఇనుప సర్ఫేస్ ప్లానర్లు గుజరీ అంగళ్లకు చేరుతుంటాయి. అక్కడ వాటి ధర చాలావరకు తూకాన్ని బట్టే పలుకుతుంది. యంత్రం అసలు విలువ తూకంలోనూ లేదు, మెరిసే రంగులోనూ లేదు. పలకను జరిపే ముందు వెనుక బల్లల చదునులో, వాటి నడుమ బ్లేడ్లతో తిరిగే కట్టర్ బ్లాక్ తీరులో, బేరింగుల పట్టులో ఉంది. ఈ మూడింటినీ కరెంటు ఇవ్వకముందే, బెల్టు తీసి పక్కన పెట్టి, బ్లాకును చేతితో తిప్పుతూ తెలుసుకోవచ్చు. ఆ తిప్పే ముందు బ్లేడ్లను తీసివేయాలి, లేదా వాటి అంచులకు మందపాటి టేపు అంటించాలి.

మొదట బల్లలను చూడండి. పోత ఇనుములో రేకుల రూపంలో ఉండే గ్రాఫైటు అదురును చాలావరకు మింగేస్తుంది. బరువైన పాత యంత్రం నిలకడగా పనిచేయడానికి ఇదొక ముఖ్య కారణం. తుప్పును కిరోసిన్‌తో నానబెట్టి, చెక్క దిమ్మెకు చుట్టిన సన్నని ఎమెరీ కాగితంతో మాత్రమే తీయాలి. తొందరపడి యాంగిల్ గ్రైండర్ పెట్టినవారు అక్కడక్కడ గుంటలు తీసి, ఆ రోజుల్లో యంత్రం మీద కోసి తెచ్చిన చదునును చేజేతులా పోగొడతారు. శుభ్రం చేశాక ఉక్కు స్ట్రెయిట్ ఎడ్జ్‌ను, అంటే తిన్నని అంచుగల పట్టీని, నిడివిగా ఒకసారి, మూల నుంచి మూలకు రెండుసార్లు ఆనించి, వెనుక నుంచి టార్చి వెలుగు వేసి చూడండి. సందులు కొలిచే ఫీలర్ గేజీలో 0.1 మిల్లీమీటరు రేకు కూడా దూరకపోతే తలుపులకు, మంచాలకు అంతకన్నా ఏమీ అక్కరలేదు. బల్ల మధ్యలో కొద్దిపాటి అరుగుదల ఉన్నా సర్దుకోవచ్చు. మెలిక తిరిగిన బల్లతో మాత్రం తిన్నని పలక రాదు, దానిని మెషిన్ షాపులో మళ్లీ కోయించవలసిందే.

యంత్రం వయసు గురించి బోల్టులు కొంత చెబుతాయి. మన దేశంలో మెట్రిక్ కొలతలకు 1956 నాటి చట్టం దారి వేసింది. అంతకు ముందరి యంత్రాలలో చాలావరకు 55 డిగ్రీల కోణం గల విట్‌వర్త్ అనే అంగుళాల కొలత మరలు ఉంటాయి, మెట్రిక్ మరలకు అది 60 డిగ్రీలు. అరంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 మరలుంటాయి కనుక, దానికి 12 మిల్లీమీటర్ల నట్టును బలవంతంగా ఎక్కిస్తే రెండూ పాడవుతాయి. అయితే ఆ తర్వాత కూడా చాలామంది తయారీదారులు అంగుళాల బోల్టులనే వాడుతూ వచ్చారు కాబట్టి, దీనిని పుట్టిన తేదీగా కాక ఒక సూచనగానే తీసుకోవాలి. ఒంటి మీద పోతపోసిన అక్షరాలుంటే వాటిని రంగుతో పూడ్చకండి. బటాలా, రాజ్‌కోట్ వంటి పోత పరిశ్రమల ఊర్ల పేర్లు అక్కడ దొరకవచ్చు.

ఇక కట్టర్ బ్లాక్. ఇక్కడ మెచ్చుకోలుకు కాక జాగ్రత్తకే చోటు. చాలా పాత యంత్రాలలో బ్లాక్ చదరపు ఆకారంలో ఉంటుంది. బల్లల నడుమ ఖాళీ ఎక్కువై, చెయ్యి జారితే వేళ్లు లోపలికి పోయే ప్రమాదం పెరుగుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కింద చేసిన నియమాలు చేతితో తోసే ప్లానర్‌కు గుండ్రని బ్లాకే ఉండాలన్నాయి. చదరపు బ్లాక్ ఉన్న యంత్రం ఎంత అందంగా ఉన్నా, దానిని చూడటానికి ఉంచుకోండి గాని నడపకండి. గుండ్రని బ్లాక్ అయితే బ్లేడ్లు తీసి, పదేపదే సాన పట్టడం వలన వాటి వెడల్పు, బ్లాకులో పట్టి ఉంచే పట్టీ కింద బిగించడానికి చాలనంతగా తరిగిపోయిందేమో చూడాలి.

బ్లాకును నెమ్మదిగా తిప్పితే గరగరమని తగిలినా, పైకీ కిందికీ కదిలినా బేరింగు అయిపోయినట్టే. బాల్ బేరింగు అయితే దాని మీది నంబరు చెప్పి కొత్తది తెచ్చుకోవచ్చు. తెల్లలోహపు బేరింగులైతే, అంటే పైన నూనె రంధ్రాలు కనిపించేవైతే, వాటిని పీకి పారేయకండి. ఐజాక్ బాబిట్ 1839లో కనిపెట్టిన ఈ తగరపు మిశ్రమలోహం సరిగా నూనె అందితే ఏళ్ల తరబడి నడుస్తుంది, అరిగితే మళ్లీ పోయించుకోవచ్చు. అనంతపురం వేసవి గాలిలో దుమ్ము ఎక్కువ కనుక నూనె రంధ్రాలకు మూతలు తప్పనిసరి.

మోటారు విషయంలో మనకు ఒక వెసులుబాటు ఉంది: బోరు మోటార్ల పుణ్యమా అని రాయలసీమలో రీవైండింగ్ అంగడి దొరకని పట్టణం అరుదు. ఇన్సులేషన్‌ను పరీక్షించే 500 వోల్టుల మెగ్గర్‌తో చూడమనండి. ఇన్సులేషన్ ఒక మెగోమ్ కన్నా తక్కువ వస్తే కరెంటు ఇవ్వకూడదు. యంత్రం ఒంటికి ఎర్త్ తీగ విడిగా కలపాలి. మూడు ఫేజుల మోటారు వెనక్కి తిరిగితే ఏవైనా రెండు తీగలను మార్చితే సరిపోతుంది. కాబట్టి బెల్టు ఎక్కించే ముందే తిరిగే దిక్కు చూసుకోవాలి. పుల్లీలను కూడా కొలవండి. 1440 చుట్లు తిరిగే మోటారుకు 6 అంగుళాల పుల్లీ, బ్లాకుకు 2 అంగుళాల పుల్లీ ఉంటే బ్లాక్ నిమిషానికి సుమారు 4320 చుట్లు తిరుగుతుంది. పాత యజమాని మోటారుకు ఇంకా పెద్ద పుల్లీ వేసి ఉంటే, ఆ వేగాన్ని బ్లాక్ తట్టుకుంటుందో లేదో తేలేదాకా నడపకూడదు.

చివరి సర్దుబాటు వెనుక బల్లది, అంటే బ్లాకు దాటాక పలక చేరే బల్లది. ఆ బల్ల మీద తిన్నని చెక్కముక్కను బ్లాకుపైకి వచ్చేలా పెట్టి, బ్లాకును చేతితో తిప్పితే, ప్రతి బ్లేడూ ముక్కను ఒకేలా మూడు నాలుగు మిల్లీమీటర్లు ముందుకు లాగాలి. అసలు లాగకపోతే బల్ల ఎత్తుగా ఉన్నట్టు, పలక అంచు దానికి వచ్చి కొట్టుకుంటుంది. ఎక్కువ లాగితే బల్ల దిగువగా ఉన్నట్టు, పలక చివర గుంట పడుతుంది. రెండు బ్లేడ్లూ రెండు రకాలుగా లాగితే బల్లను కదపకుండా బ్లేడునే సర్దాలి. మొదటి పరీక్షకు మేకులు లేని ఎండిన వేప పలక చాలు, అది కూడా అడుగున్నర కన్నా పొట్టిది కాకూడదు. బ్లాకును కప్పే గార్డు దించి, చేతికి గ్లౌజులు లేకుండా, లుంగీ కాక ప్యాంటు తొడుక్కుని, అర మిల్లీమీటరు కోతతో మొదలుపెట్టండి.