జెడ్‌ఎక్స్81, 16కె ర్యామ్ ప్యాక్: కీలు నొక్కుతుంటే హ్యాంగ్ అయ్యే సమస్య నాకు ఇలా పోయింది

జెడ్‌ఎక్స్81 అంటే 1981 నాటి సింక్లెయిర్ హోమ్ కంప్యూటర్, ర్యామ్ ప్యాక్ అంటే దాని మెమరీ పెంచడానికి వెనక తగిలించే డబ్బా. ప్యాక్ పెట్టి ఆన్ చేస్తే బాగానే లేస్తుంది, నాలుగు లైన్లు టైప్ చేసేసరికి స్క్రీన్ అంతా చెత్త అక్షరాలు, లేదా మొత్తం రీసెట్. అడాప్టర్ మార్చడం, టీవీ ట్యూనింగ్, ఇంకో ప్యాక్, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు పవర్ పూర్తిగా తీసేయండి, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ప్యాక్ తగిలించే ఎడ్జ్ కనెక్టర్‌లో (కంప్యూటర్ బోర్డు అంచున ఉండే లోహపు పట్టీల వరస) 5 వోల్టులు, 9 వోల్టులు పక్కపక్కనే ఉంటాయి. ప్యాక్‌ను అటూ ఇటూ ఊపకుండా తిన్నగా లాగండి. వెలుతురులో చూస్తే ఆ పట్టీల మీద బూడిదరంగు పొర కనిపించింది. మెత్తటి తెల్ల రబ్బరుతో, అడ్డంగా కాకుండా పట్టీల పొడవునా, తేలిగ్గా రుద్దాను. పొడి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిచ్చాను. అదే ఆల్కహాల్‌లో తడిపిన మందపాటి అట్టముక్కను ప్యాక్ సాకెట్‌లోకి దూర్చి తీస్తే నల్లగా వచ్చింది! నల్లగా రావడం ఆగేదాకా అలాగే చేశాను.

ఆరాక ప్యాక్ పెట్టి, ప్రింట్ పీక్ 16388 + 256 * పీక్ 16389 అని కొట్టి న్యూలైన్ (ఎంటర్ లాంటి కీ) నొక్కితే 32768 వచ్చింది, అంటే 16కె మొత్తం కనిపిస్తోందన్నమాట. 17408 వస్తే మిషన్ తన 1కె మాత్రమే చూస్తోందని అర్థం.

చివరగా, ప్యాక్ గాల్లో వేలాడకుండా, కంప్యూటర్‌తో సమంగా ఉండేలా కింద అట్ట పెట్టాను. నా అనుమానం, సగం గొడవ ఈ కదలికదే. సాకెట్ స్ప్రింగులు వదులైపోయినా, చిప్ పోయినా మాత్రం ఇది పనిచేయకపోవచ్చు.