పిల్లాపాపలతో సింగపూర్ ఫార్ములా వన్‌కి వెళ్లడం ఎలా?

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మావాణ్ని తీసుకెళ్లాను. ఎలక్ట్రిక్ కార్లు సన్నగా ఈల వేసుకుంటూ వెళ్లిపోయాయి. వాడు కాసేపు చూసి, "చప్పుడేది నాన్నా?" అన్నాడు. ఆ చప్పుడు కోసమే మేం నలుగురం సింగపూర్ వెళ్లాం. వెళ్లొచ్చాక చెప్తున్నాను: ఇంటిల్లిపాదీ వెళ్లేటప్పుడు పిల్లల నిద్రను బట్టే అన్నీ ప్లాన్ చేసుకోవాలి. రేసు దాని తర్వాతే.

ముందు ఏ రోజో తేల్చుకోండి

సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఒక వారాంతం, మూడు రోజుల సంబరం ఇది. మామూలుగా శుక్రవారం ప్రాక్టీస్, శనివారం క్వాలిఫయింగ్, అంటే రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీ. ఆదివారం రాత్రి 8 గంటలకు అసలు రేసు, మన టైంలో సాయంత్రం ఐదున్నర. 62 ల్యాప్‌లు (ట్రాక్ చుట్టూ 62 చుట్లు) పూర్తయ్యేసరికి దాదాపు పది అవుతుంది, గది చేరేసరికి పదకొండు దాటుతుంది. ఆరేళ్ల లోపు పిల్లలుంటే ఆదివారం మోజు వదిలేసి, శుక్రవారం ఒక్కరోజు టికెట్ కొనుక్కోండి. అవే కార్లు, అదే వేగం. జనం తక్కువ, ధరా తక్కువే. పైగా ప్రాక్టీసులో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క పిల్లలకు అక్కర్లేదు. కారు వస్తే చాలు, ఎగురుతారు. 2026లో ఇక్కడ తొలిసారి స్ప్రింట్ రేసు (తక్కువ దూరం ఉండే చిన్న రేసు) కూడా పెట్టారు కాబట్టి ఆ ఏడాది శుక్ర, శనివారాల్లో సందడి ఇంకా ఎక్కువ.

పన్నెండేళ్లు దాటిన పిల్లలైతే ఆదివారమే తీసుకెళ్లండి, లేదంటే జన్మంతా దెప్పుతారు.

సీటు: ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు

2008లో ఫార్ములా వన్ చరిత్రలో మొట్టమొదటి రాత్రి రేసు జరిగింది ఈ మెరీనా బే వీధుల్లోనే. రేసు లేని రోజుల్లో బస్సులు, టాక్సీలు తిరిగే రోడ్లే అవి. అందుకే రెండు పక్కలా కాంక్రీటు గోడలు, వాటి మీద ఇనుప జాలీ ఉంటాయి. కింది వరసలో కూర్చుంటే జాలీ తప్ప ఇంకేం కనపడదు.

టికెట్లు రెండు రకాలు. వాకబౌట్ టికెట్‌కు సీటుండదు, తిరుగుతూ నిలబడి చూడాలి. చౌకగా వస్తుంది కదా అని తీసుకుంటే, మూడు గంటలు పిల్లాణ్ని భుజాలమీద మోస్తూ నిలబడాల్సింది మీరే. గ్రాండ్‌స్టాండ్ టికెట్‌కైతే నంబరున్న సీటుంటుంది. కుటుంబంతో వెళ్తే కచ్చితంగా ఇదే. పై వరస చూసుకోండి, ఎదురుగా పెద్ద స్క్రీన్ ఉందో లేదో మ్యాపులో చూడండి. ల్యాప్‌కు నిమిషన్నర పైగా పడుతుంది. స్క్రీన్ లేకపోతే మిగతా 4.9 కిలోమీటర్లలో ఏం జరిగిందో మీకు తెలియదు.

స్ట్రెయిట్ (తిన్నగా సాగే రోడ్డు) కన్నా మలుపు మేలు. స్ట్రెయిట్ దగ్గర కారు 300 కిలోమీటర్ల వేగం మీద ఉంటుంది, పిల్లవాడు తల తిప్పేలోపు అది లేదు. మలుపులోనైతే బ్రేకు వేయడం, కారు అడుగున నిప్పురవ్వలు లేవడం, ఒకరినొకరు నెట్టుకుంటూ దూరడం అన్నీ కనపడతాయి.

ట్రాక్‌ను నాలుగు జోన్లుగా విడగొట్టారు. పిట్‌లు, అంటే కార్లు ఆగి టైర్లు మార్చుకునే చోట్లు, ఒకటో జోన్‌లో ఉంటాయి. పడాంగ్ మైదానం, పాటల కచేరీల పెద్ద స్టేజీ నాలుగో జోన్‌లో. నాలుగో జోన్ టికెట్‌తో ఒకటో జోన్‌లోకి రానివ్వరు. పిల్లలకు ఏ వయసు నుంచి విడిగా టికెట్ కావాలో, బ్యాగులో ఏమేం తేకూడదో డబ్బు కట్టకముందే చదువుకోండి.

గది, గేటు, రైలు

హైదరాబాద్ నుంచి నేరుగా విమానంలో నాలుగున్నర గంటలు. రేసు వారంలో ట్రాక్ పక్క హోటళ్ల రేట్లు వింటే గుండె గుభేల్‌మంటుంది. లిటిల్ ఇండియాలో దిగండి. అక్కడ ఎంఆర్‌టీ (సింగపూర్ మెట్రో రైలు) డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే మూడో స్టేషన్ ప్రామెనేడ్, ఒకటో జోన్ వైపు వెళ్లేవాళ్లు దిగాల్సింది అక్కడే. నాలుగో జోన్ అయితే లిటిల్ ఇండియాలోనే నార్త్ ఈస్ట్ లైన్ ఎక్కి, ధోబీ ఘాట్‌లో లైన్ మారి సిటీ హాల్‌లో దిగాలి. 90 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు రైలు టికెట్ అక్కర్లేదు. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, ఇడ్లీ, దోశ, అన్నం, సాంబారు దొరుకుతాయి. పిల్లలకు కడుపునిండా పెట్టి బయల్దేరండి. లోపల తిండి ఖరీదు, క్యూలు పొడవు.

మేం చేసిన తప్పు ఒకటి చెప్పాలి. టికెట్ మీద గేటు నంబరు ఉంటుందని తెలిసి కూడా చూసుకోలేదు, దగ్గర కనపడిన స్టేషన్‌లో దిగిపోయాం. మా గేటు ట్రాక్‌కు అవతలి వైపు. రోడ్లన్నీ మూసేసి ఉంటాయి కాబట్టి టాక్సీ లేదు, అడ్డంగా దాటే దారి లేదు. ఆ ఉక్కలో చుట్టు తిరిగి వెళ్లేసరికి మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. గేటు నంబరు చూశాకే స్టేషన్ ఎంచుకోండి.

ఇక కాగితాలు. భారతీయులకు వీసా కావాలి, గుర్తింపు ఉన్న ఏజెంట్ల ద్వారా తీసుకోవచ్చు. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఎస్‌జీ అరైవల్ కార్డు ఆన్‌లైన్లో నింపాలి. అది ఉచితం, డబ్బులడిగే సైటు కనిపిస్తే నకిలీ అనుకోండి. బ్యాగులో చూయింగ్ గమ్ ఉంటే ఇంట్లోనే తీసేయండి.

చెవులు, చెమట, వాన

2014లో హైబ్రిడ్ ఇంజన్లు (పెట్రోలుకు కరెంటు తోడైనవి) వచ్చాక మోత తగ్గిందంటారు పాతకాపులు. పెద్దవాళ్లకు సరే, పసివాళ్ల చెవులకు ఇప్పటికీ ఎక్కువే. మధ్యమధ్య జరిగే చిన్న రేసుల కార్లు కూడా తక్కువేం కాదు. చెవిలో దూర్చే ప్లగ్గులు చిన్నపిల్లలకు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. తల మీంచి వచ్చే ఇయర్ మఫ్స్ ఇక్కడే కొని, వారం ముందు నుంచి ఇంట్లో కాసేపు పెట్టించి అలవాటు చేయండి. అక్కడికెళ్లి కొత్తగా పెడితే పీకి పారేస్తారు.

రాత్రి కదా చల్లగా ఉంటుందనుకోకండి. విజయవాడ వాళ్లకు చెప్పక్కర్లేని ఉక్కపోత. నూలు బట్టలు, చేతి ఫ్యాన్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. వాన ఎప్పుడైనా పడుతుంది: 2017లో రేసు తడి రోడ్డు మీదే మొదలైంది, 2022లో వాన వల్ల గంటకు పైగా ఆలస్యమైంది. మనిషికొక పల్చటి రెయిన్‌కోటు ఉంచుకోండి. గొడుగు విప్పితే వెనకవాళ్లు తిడతారు.

నిద్ర సంగతి

ఈ రేసుకు వచ్చే జట్లు సింగపూర్ టైంకు మారవు, యూరప్ టైంలోనే బతుకుతాయి. తెల్లవారుజామున పడుకుని మధ్యాహ్నం లేస్తారు. మన గడియారం సింగపూర్ కన్నా రెండున్నర గంటలు వెనక, అది మనకూ కలిసొస్తుంది. అక్కడ రాత్రి పది అంటే పిల్లల ఒంటికి ఏడున్నరే. కాబట్టి రేసు ముగిసేదాకా గది కర్టెన్లు వేసి, పొద్దున ఆలస్యంగా లేపండి. జూ, బీచ్ లాంటివి సోమవారానికి పెట్టుకోండి. రేసు రోజు పొద్దున్నే పిల్లల్ని ఊరు తిప్పితే సగం ల్యాప్‌లు కాకముందే ఏడుపు మొదలవుతుంది.

బయల్దేరే ముందు పిల్లల మణికట్టు మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాయండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో చోటు చెప్పి ఉంచండి. రేసు అయిపోగానే అందరితో పాటు లేవకండి. అరగంట అలాగే కూర్చుని బిస్కెట్లు తినిపించండి, స్టేషన్ దగ్గర తొక్కిసలాట కొంచెం తగ్గుతుంది. కచేరీ చూడాలని పెద్దవాళ్లకు ఉంటుంది గానీ, ఒకరు ఉండిపోయి ఒకరు పిల్లల్ని తీసుకెళ్లడం తప్ప దానికి వేరే దారి లేదు. మాలో మా ఆవిడ కచేరీకి ఉండిపోయింది. మావాడు రైలెక్కగానే నిద్రపోయాడు, ఇయర్ మఫ్స్ తీయకుండానే.