పేపర్ ఎవరిదో తెలిస్తే వార్త సగం అర్థమైనట్టే

మనూళ్లో చాలామంది ఒకే పేపర్ చదివి అదే నిజం అనుకుంటారు కదా, నేనూ అంతే ఉండేవాణ్ణి. ఇప్పుడేం చేస్తున్నానంటే, ముందు ఓనరెవరో చూస్తా. సాక్షి 2008లో జగన్ ఫ్యామిలీ పెట్టింది, నమస్తే తెలంగాణ 2011లో వచ్చింది, కేసీఆర్ పార్టీకి దగ్గర, ఈనాడు, ఆంధ్రజ్యోతి టీడీపీ వైపని వైసీపీ వాళ్ల గోల ఎప్పట్నుంచో ఉన్నదే. అలాగని అన్నీ అబద్ధాలని కాదు, హత్య జరిగితే హత్యే, తేడా వచ్చేది హెడ్డింగ్‌లోనూ ఏం వదిలేశారన్నదాంట్లోనూ.

అందుకే సీఎం సభ జరిగిన మర్నాడు ఒకే వార్త రెండు ఎదురు పేపర్లలో పక్కపక్కన పెట్టి చదవండి, ఒకదాంట్లో 'జనసంద్రం', ఇంకోదాంట్లో ఖాళీ కుర్చీల ఫోటో (ఫోటో ఎప్పుడు తీశారో మాత్రం రాయరు, సభ మొదలవ్వకముందు ఏ కుర్చీ అయినా ఖాళీయే). రెండింట్లోనూ కామన్‌గా ఉన్న పేరు, చోటు, జీవో నంబరు లాంటివి దాదాపు నమ్మొచ్చు. 'విశ్వసనీయ సమాచారం', 'తెలిసింది' అని ఉంటే మాత్రం పెన్సిల్‌తో గీత పెట్టేసి రెండ్రోజులాగండి. వార్త జీవో గురించైతే ఆ జీవోనే తెరిచి చూడండి. వాట్సాప్‌లో తిరిగే పేపర్ క్లిప్పింగ్ అయితే ఆ రోజు ఈపేపర్‌లో ఆ పేజీ అసలుందో లేదో చూస్కోండి, ఫ్యాక్ట్‌లీ అనే ఫ్యాక్ట్‌చెక్ వెబ్‌సైట్ వాళ్లు తెలుగులోనే ఇలాంటివి చెక్ చేసి రాస్తుంటారు.