లైటు మసకబారిందా? బల్బు కొనే ముందు ఎర్త్ చూడండి

పోయిన ఎండాకాలం గుత్తిలో పని చూసుకుని, రాత్రి 44వ నంబరు హైవే మీద అనంతపురం వస్తున్నాను. డాబా దగ్గర ఆపితే వెనకే వచ్చిన లారీ డ్రైవర్ దిగి, "అన్నా, నువ్వు బ్రేకు తొక్కితే ఎడమ ఇండికేటర్ కూడా మినుక్కుమంటాంది. ఆగుతావో, తిరుగుతావో తెలీక సచ్చినా" అన్నాడు. నాది పాత మారుతి 800. అంతకు వారం ముందే వెనక బల్బులన్నీ కొత్తవి వేయించాను. ఆ డబ్బులు దండగ.

బ్రేకు తొక్కితే వేరే లైటు వెలుగుతోంది

కరెంటు బల్బులోకి వచ్చాక బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి పోవాలి. వెనక లైటు ఎర్త్, అంటే లైటును బాడీ రేకుకు కలిపే వైరు, తుప్పు పట్టి ఆ దారి మూసుకుపోతే, అదే లైటులోని పక్క ఫిలమెంట్ (వెలిగే తీగ) గుండా దూరి ఇంకో దారి వెతుక్కుంటుంది. అందుకే సంబంధం లేని బల్బు వెలుగుతుంది, వెలగాల్సింది మసకేస్తుంది.

ముందు అనుమానం తీర్చుకోండి. ఒక వైరు ముక్క తీసుకుని, లైటు ఎర్త్ వైరును డిక్కీలో పెయింటు లేని రేకుకు ఆనించండి. అంతా మామూలుగా వెలిగితే దొంగ దొరికినట్టే. నా బండిలో ఎర్త్ స్క్రూ పైకి చక్కగానే కనిపించింది. విప్పితే థింబుల్ (వైరు కొసనుండే లోహపు రింగు) కింద నుంచి కారప్పొడిలా తుప్పు రాలింది. ఉప్పు కాగితంతో రేకు మెరిసేదాకా గీకి, కొత్త థింబుల్ వేసి బిగించి, పైన కాస్త వాసెలిన్ పూశాను. అరగంట పని. బల్బు హోల్డర్ లోపల పచ్చగా చిలుం పడితే దాన్నీ అలాగే గీకాలి.

ఎర్త్ బాగున్నా గొడవ తీరకపోతే బల్బు చూడండి. బ్రేకుకు 21 వాట్లు, పార్కింగ్‌కు 5 వాట్లు, రెండు ఫిలమెంట్లు ఒకే బల్బులో ఉంటాయి. దాని పక్క పిన్నులు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. తిరగేసి బలవంతంగా నొక్కితే పార్కింగ్ లైటు భగ్గుమంటుంది, బ్రేకు లైటు మినుకుమంటుంది.

బ్రేకు లైట్లు రెండూ రావు, లేదా ఆరవు

ఫ్యూజ్ బాగుంటే పెడల్ పైనున్న స్విచ్ చూడండి. దాని రెండు వైర్లు కలిపితే లైటు వెలిగిందంటే స్విచ్ పోయింది. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పెడల్‌కుండే చిన్న ప్లాస్టిక్ గుండీ విరిగి ఉండొచ్చు. మన ఎండలకు అది పెళుసవుతుంది. ముక్కలు కాళ్ల దగ్గర మ్యాట్ మీద దొరుకుతాయి. గమనించకపోతే తెల్లారేసరికి బ్యాటరీ డౌన్.

హెడ్‌లైట్లు మసక

ఇక్కడ వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి బ్యాటరీ మీద కొలవండి. దాదాపు 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. 13 కంటే తక్కువుంటే ముందు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, దాని బెల్టు చూపించండి. 15 దాటితే వోల్టును అదుపులో ఉంచే రెగ్యులేటర్ తేడా, బల్బులు తరచూ మాడేది అందుకే. బ్యాటరీ దగ్గర సరిగ్గా ఉంటే బల్బు కనెక్టర్ వెనక నుంచి కొలవండి. ఒక వోల్టు తగ్గినా వెలుగు బాగా పడిపోతుంది.

తగ్గేది ఎక్కడంటే, చాలా పాత బండ్లలో స్టీరింగ్ కిందున్న స్విచ్‌లోనే. 55 వాట్ల బల్బులు రెండు కలిపి 9 ఆంపియర్ల పైనే లాగుతాయి. అదంతా అరిగిపోయిన స్విచ్ గుండా పోవాలి. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టించి, బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌తో నేరుగా లైను లాగిస్తే తెల్లటి వెలుగు తిరిగొస్తుంది. కొన్ని బండ్లలో స్విచ్ నెగటివ్ వైపు తెంపుతుంది. వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, మామూలు పద్ధతిలో కలిపితే పనిచేయదు.

"100/90 వాట్ల బల్బు వేసుకో సార్, పగలులా ఉంటుంది" అంటారు షాపుల్లో. పాత వైరింగ్ మీద అది వేస్తే హోల్డర్ కరిగి బల్బుకే అతుక్కుంటుంది. ఎదుటివాడి కళ్లు పోయేది వేరే సంగతి. ఇక లైటు అద్దం వెనక వెండిలా మెరిసే పూత నల్లబడి ఉంటే ఎంత వైరింగ్ చేసినా దండగే, లైటు అసెంబ్లీ మార్చాల్సిందే. తాడిపత్రి, బేతంచెర్ల వైపు తిరిగే బండ్లకైతే ముందు నాపరాళ్ల దుమ్ము కడిగి చూడండి.

ఫ్యూజ్ మాటిమాటికీ కొడుతోంది

పెద్ద ఫ్యూజ్ వేయొద్దు, సిగరెట్ రేకు అసలే వద్దు. వైరు కాలి బండే అంటుకుంటుంది. డిక్కీ తలుపు మడత దగ్గర, రేకు అంచుల్లో వైరు తోలు ఒరిసిందేమో చూడండి. చెనక్కాయ మూటల పక్కన బండి పెట్టే అలవాటుంటే ఎలుకల పని కూడా కావచ్చు.

అంతా అయ్యాక, చీకటి పడ్డాక బండిని గోడకు రివర్సులో నిలిపి బ్రేకు తొక్కండి. అద్దంలో రెండు ఎర్రటి మచ్చలు సమానంగా కనిపించాలి.